కార్డయ్య బదిలీ

పంపుల గది కింద పదిహేడు మెట్లు దిగితే ఒక గది వస్తుంది. కిటికీ లేదు. ఒక ఇనుప బీరువా, ఒక బల్ల, వెనక్కి వాలితే కిర్రుమనే కుర్చీ, ఏ కాలంలోనైనా చెమ్మ ఆరని గోడలు. తలుపు మూసుకుంటే ఊపిరాడదు, తీస్తే నాలుగు పంపుల హోరు మీద పడుతుంది. ఈ రెంటిలో తలుపు మూసుకోవడమే నయమనుకున్న మనిషి కార్డయ్య. పదమూడేళ్లుగా అక్కడే కూర్చుంటున్నాడు. అతని అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆ ఊరి నీటి సరఫరా ఆఫీసులో పెద్దింజనీరు మొదలుకొని గేటు దగ్గర కాపలావాడి దాకా అందరికీ అతను కార్డయ్యే.

ఆ పేరు ఊరికే రాలేదు. బల్ల మీద ఒక ముసలి లాప్‌టాప్ ఉంది. దాని ఎడమ పక్కన సన్నటి చీలిక, ఆ చీలికలో ఒక కార్డు. బ్యాంకు కార్డంత పొడవూ వెడల్పూ, మందం మాత్రం అలాంటివి ఐదారు పేర్చినంత. దాని తోకలాంటి కేబులు నాలుగు పాయలై, గోడెక్కి, పైనున్న నాలుగు పంపులకూ పోతుంది. ఏ పంపులో ఒత్తిడి ఎంతుంది, ఏ ట్యాంకులో నీళ్లు ఎంతున్నాయి, ఏది తిప్పాలి, ఏది ఆపాలి, అన్నీ ఆ కార్డులోంచి వచ్చిపోయే కబుర్లే. కార్డు మూగబోయిందంటే నలుగురు మనుషులు నాలుగు పంపుల దగ్గర నిలబడి, ఫోన్లలో ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ, చేతులతో వాల్వులు తిప్పుకోవాల్సిందే.

అయితే కార్డు చీలికలో దూరగానే పని చెయ్యదు. కంప్యూటరు లోపల అన్నిటికీ పెత్తనం చేసేది ఒకటుంటుంది, దాన్ని కెర్నెల్ అంటారు. ఏ పరికరమైనా దాని అనుమతితోనే మాట్లాడాలి. ఎవరిని గుర్తుపట్టాలో, ఎవరిని పట్టించుకోనక్కర్లేదో ముందే చెప్పి కెర్నెల్‌ని తయారు చేసుకోవాలి. చెప్పడమంటే మామూలు చెప్పడం కాదు, వెయ్యికి పైగా ప్రశ్నలున్న పట్టికకి జవాబులివ్వడం. ఈ రకం చీలిక ఉందా? ఈ రకం కార్డు వస్తుందా? ప్రతిదానికీ మూడు జవాబులు: లోపల కలిపెయ్యి, పక్కనుంచు, అవసరమైనప్పుడు పిలుస్తాను, అసలు వద్దు. ఒక్క జవాబు తప్పితే చాలు, కార్డు చీలికలోనే ఉంటుంది, కెర్నెల్ మాత్రం దాని మొహం చూడదు. తప్పు ఎక్కడుందో కూడా చెప్పదు.

పదమూడేళ్ల కిందట కార్డయ్య ఆ వెయ్యి ప్రశ్నలతో రెండు నెలలు కుస్తీ పట్టి ఆ కెర్నెల్‌ని నిలబెట్టాడు. లాప్‌టాప్‌లో చోటు తక్కువ. అందుకని అక్కర్లేనివన్నీ కత్తిరించి, ఆ ఒక్క లాప్‌టాప్‌కీ ఆ ఒక్క కార్డుకీ కొలతలు తీసి కుట్టినట్టు తయారు చేశాడు. పట్టిక చివర్లో ఒక ప్రశ్న ఎదురైంది: నువ్వు ఇచ్చిన ఈ జవాబులన్నీ ఒక ప్రతిగా కెర్నెల్ లోపలే దాచి ఉంచమంటావా? దాస్తే, రేపు ఎవరొచ్చినా తెరిచి చూసుకోవచ్చు. కార్డయ్య వేలు ఆగింది. అప్పటికి అతను కాంట్రాక్టు మనిషి. పదకొండు మంది కాంట్రాక్టు వాళ్లలో పది మందిని తీసేస్తారని ఆఫీసంతా గుసగుసలు. పెళ్లయి రెండేళ్లు, ఇంట్లో ఏడాది నిండిన పిల్ల. అతను 'వద్దు' అని నొక్కాడు. జవాబుల ఫైలు విడిగా కూడా ఉంటుంది కదా, దాన్నీ చెరిపేశాడు. ఇక ఆ కెర్నెల్ గుట్టు అతని బుర్రలో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

పాచిక పారింది. పది మంది వెళ్లిపోయారు, కార్డయ్య మిగిలాడు, ఏడాది తిరక్కుండా పర్మనెంటు కూడా అయ్యాడు. అప్పటి ఇంజనీరు మెట్లు దిగి వచ్చి మరీ భుజం తట్టాడు. నువ్వు లేకపోతే ఈ ఊరికి చుక్క నీళ్లు లేవోయ్ అన్నాడు. ఆ మాటకి కార్డయ్య ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. ఇంటికెళ్లి భార్యకి మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి ఆమే ఆపి, విన్నానండీ అంది.

ఆ భుజం తట్టిన చెయ్యి అక్కడే ఉండిపోతుందని అప్పుడు తెలీలేదు. ఊరు దాటాలంటే ముందుగా చెప్పి వెళ్లాలి. ఫోను ఎప్పుడూ దగ్గరే ఉండాలి. ఊళ్లో ఎక్కడికెళ్లినా అరగంటలో తిరిగి రాగలిగేలా ఉండాలి. రెండుసార్లు ప్రమోషను జాబితా వచ్చింది, రెండుసార్లూ అతని పేరు లేదు. పై పదవికి వెళ్తే కార్డు ఎవరు చూస్తారన్నారు. అయినా కార్డయ్య సర్దుకున్నాడు. నాలుగేళ్ల కిందటి దాకా సర్దుకోవడం కష్టం కాలేదు.

నాలుగేళ్ల కిందట భార్యకి బదిలీ అయింది. ఆమె ప్రభుత్వాసుపత్రిలో నర్సు. కొత్త ఊరు బస్సులో ఆరు గంటలు. పాప అప్పుడే ఆరో తరగతి పూర్తి చేసింది, తల్లితో పాటే వెళ్లింది. రెండు నెలల్లో నేనూ బదిలీ పెట్టించుకుని వచ్చేస్తానన్నాడు కార్డయ్య. అర్జీ పెట్టాడు. 'ప్రత్యామ్నాయం లేదు' అని తిరిగొచ్చింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ అదే మాట. మూడోసారి పెట్టిన అర్జీ మీద కొత్త మాట రాయడానికి కూడా ఎవరూ బద్ధకం వదల్లేదు, పాత కాగితమే నకలు తీసి పంపారు.

ఈ నాలుగేళ్లలో అతను భార్యాబిడ్డల దగ్గరికి వెళ్లింది పదకొండుసార్లు. అందులో రెండుసార్లు మధ్యలోనే వెనక్కి పిలిచారు. ఒకసారైతే పాప బడిలో నాటకం, ముందు వరుసలో కుర్చీ దొరకబుచ్చుకుని కూర్చున్నాడు. తెర లేవకముందే ఫోను మోగింది. ఆరు గంటలు ప్రయాణం చేసి వచ్చి చూస్తే, ఎవరో గది ఊడుస్తూ బల్లని జరిపారు, కార్డు చీలికలోంచి కొంచెం బయటికొచ్చింది. బొటనవేలితో నొక్కాడు. పనల్లా అంతే. ఆ రోజు కిర్రుమనే కుర్చీలో కూర్చుని చాలాసేపు తన బొటనవేలినే చూసుకున్నాడు.

భార్య ఎప్పుడూ ఆఫీసునే తిట్టుకునేది. మనుషులా వాళ్లు, రాళ్లా అనేది. పాప దగ్గరా అదే మాట. కార్డయ్య అవునని గానీ కాదని గానీ అనేవాడు కాదు. నోట్లో నీళ్లు పోసుకున్నవాడిలా ఊరుకునేవాడు. కట్టినవాళ్లు ఆఫీసువాళ్లే అయినా తాడు పేనింది తనేనని అతనికి తెలుసు. చెప్పడానికే నోరు రాలేదు. మొదటి ఏడాది చెప్పలేదు కాబట్టి రెండో ఏడాది చెప్పడం ఇంకా కష్టమైంది. అలా ఏళ్లు గడిచాయి.

ఇలా ఉండగా కొత్త పెద్దింజనీరు వచ్చాడు. పొడుగు మనిషి, పొట్టి మాటలు. వచ్చిన ఆరు నెలలకి పాత లాప్‌టాప్ తెర మిణుకు మిణుకుమనడం మొదలుపెట్టింది. స్టోరు గదిలోంచి ఇంకో లాప్‌టాప్ దింపించాడు. అదీ పాతదే, కాని ఇంకో రకం. కార్డయ్య కెర్నెల్ దాని మీదికి ఎక్కించి చూస్తే అసలు లేవనే లేదు. ఒకరి కొలతలకి కుట్టిన చొక్కా ఇంకొకరికి ఎలా పడుతుంది? పెద్దింజనీరు కార్డయ్యని పైకి పిలిపించి విషయం తేల్చేశాడు. నెల రోజుల్లో ఈ రెండో లాప్‌టాప్ మీద నాలుగు పంపులూ నడవాలి. నడిపించడం ఇంకొక మనిషికి రావాలి, ఖాళీ డిస్కు దగ్గర్నించి చివరిదాకా, నా కళ్లముందు. అది జరిగిన రోజే నీ బదిలీ కాగితం మీద సంతకం పెడతాను. నెల దాటితే మీవాళ్లున్న ఊళ్లో ఖాళీ ఇంకొకరికి పోతుంది, అప్పుడు నన్ను అడగొద్దు.

కార్డయ్య మెట్లు దిగుతూ ఒక మెట్టు తప్పాడు. ఆనందం వల్ల కాదు. పదమూడేళ్ల కిందట ఇచ్చిన జవాబుల్లో సగానికి సగం అతనికిప్పుడు గుర్తులేవు.

ఆ 'ఇంకొక మనిషి'గా వచ్చింది మీటరమ్మ. ముప్ఫై రెండేళ్లుంటాయి. ఆరేళ్లపాటు వీధి వీధీ తిరిగి ఇళ్ల దగ్గర నీటి మీటర్లు చదివిన మనిషి. మోకాలు మొరాయిస్తే ఆఫీసులో కూర్చోబెట్టారు. ఆమెదీ కాంట్రాక్టు ఉద్యోగమే. కంప్యూటరంటే భయం లేదు, మనుషులంటే అసలు లేదు. మొదటి రోజు గదిలోకి దిగి, నాలుగు గోడలూ చూసి, ఇక్కడ పదమూడేళ్లు ఎలా ఉన్నావన్నయ్యా, ఏం తప్పు చేశావు అంది నవ్వుతూ. కార్డయ్యకి నవ్వు రాలేదు.

పని పద్ధతి ఇలా కుదిరింది. ఉదయం ఇద్దరూ రెండో లాప్‌టాప్ ముందు కూర్చుని ప్రశ్నలకి జవాబులిస్తారు. ఆ డొక్కు కొత్త కెర్నెల్‌ని వండి వార్చేసరికి మూడు గంటలు. ఈలోగా చేసేదేమీ లేదు. ఉన్న కార్డు ఒక్కటే, అది పని మీదుంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి ట్యాంకులు నిండి పంపులు ఆగుతాయి, రెండున్నరకి మళ్లీ మొదలు. ఆ గంటన్నరలోనే కార్డుని పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో పెట్టి చూసుకోవాలి. అంటే రోజుకి ఒక్క ప్రయత్నం. తప్పితే మళ్లీ రేపే.

కార్డు దూరగానే లాప్‌టాప్ కూత పెడుతుంది. దాన్నిబట్టి సంగతి తెలుస్తుంది. రెండు సన్నటి కూతలు వస్తే అంతా శుభం. ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా వస్తే కార్డుని గుర్తుపట్టింది కాని పనికి పెట్టుకోలేకపోయింది. ఒక్క బొంగురు కూత వస్తే ఎవరో వచ్చారు, ఎవరో తెలీదు అని. ఏ కూతా రాకపోతే చీలికే కనపడలేదని అర్థం.

మొదటి ఎనిమిది రోజులూ ఏ కూతా రాలేదు. రోజూ ఒంటిగంటకి ఇద్దరూ కార్డు పెట్టడం, ఆ చెమ్మ గోడల మధ్య నిశ్శబ్దం, మళ్లీ కార్డు తీసి పాతదాంట్లో పెట్టడం. కార్డయ్య గోడకున్న క్యాలెండరుని చూడ్డం మానేశాడు. ఆ ఊరు వెళ్తే పాప పదో తరగతి పరీక్షలప్పుడు పక్కనుంటాను, అది ఒక్కటే అతని లెక్క. ఇంకో ఏడాది ఆగితే పాప హాస్టలుకి పోతుంది. అప్పుడు వెళ్లి మాత్రం ఎవరితో ఉండాలి?

తొమ్మిదో రోజు పట్టిక చివర్లో మీటరమ్మకి ఆ ప్రశ్న కనపడింది. ఆగి, పైకే చదివింది. జవాబుల ప్రతి లోపలే దాచమంటావా అని అడుగుతోందే, మరి పాతదాంట్లోంచి తీసి చూస్తే సరిపోయేదిగా, ఇన్నాళ్లూ ఈ తిప్పలెందుకు అంది. కార్డయ్య నీళ్లు నమిలాడు. అప్పట్లో ఏదో తొందరలో అన్నాడు. ఆమె కుర్చీ అతని వైపు తిప్పింది.

"అన్నయ్యా, తొందరలో మర్చిపోయావా, కావాలనే వద్దన్నావా?"

"కావాలనే," అన్నాడు కార్డయ్య.

పదమూడేళ్లలో ఆ మాట బయటికి రావడం అదే మొదలు. చెప్పాక మొహం చెల్లక బీరువా వైపు చూస్తూ కూర్చున్నాడు. మీ ఇంట్లో తెలుసా అంది మీటరమ్మ. అతను తల అడ్డంగా తిప్పాడు. ఆమెకి అర్థమైంది. నేనైనా ఆ రోజు అదే పని చేసేదాన్నేమోలే, నాదీ కాంట్రాక్టే, నాకు తెలుసు ఆ భయం అంది. కాని నేను ఈ గదిలో పదమూడేళ్లు ఉండలేనన్నయ్యా, మా పిల్లాడికి నేను కావాలి అంటూ, ఆ ప్రశ్నకి 'ఉంచు' అని నొక్కేసింది. కార్డయ్యకి సిగ్గేసింది. తనకంటే పద్నాలుగేళ్లు చిన్నది, అంతే భయం ఉన్నది, ఒక్క క్షణం కూడా వేలు ఆపలేదు.

ఆ పూట నుంచి పని తీరు మారింది. దాచుకోవడానికేమీ లేకపోయేసరికి కార్డయ్య తెలీనిది తెలీదని చెప్పడం నేర్చుకున్నాడు. అంతవరకూ గుర్తున్నట్టు నటిస్తూ ఆమెని తప్పుదారి పట్టిస్తున్నాడు మరి. పదో రోజు చీలికల్లో ఎన్ని రకాలున్నాయో మొదటి నుంచీ చదివారు. పాత లాప్‌టాప్ చీలిక ఒక రకం, దీనిది ఇంకో రకం. అది మార్చేసరికి మర్నాడు ఒంటిగంటకి బొంగురుగా ఒక్క కూత వచ్చింది. బొంగురుదైతేనేం, ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. పదిహేడో రోజుకి ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా. ఇరవై రెండో రోజు మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి రెండు సన్నటి కూతలు వినపడ్డాయి. కార్డయ్య లేచి నిలబడి, ఎందుకు లేచాడో మర్చిపోయి, మళ్లీ కూర్చున్నాడు.

తెర మీద మొదటి పంపు వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. నాలుగోది రాలేదు.

మర్నాడూ రాలేదు. కార్డుకి నాలుగు పాయలు, నాలుగో పాయ చచ్చిందేమోనని పాయలు మార్చి చూశారు. ఏ పంపుని నాలుగో పాయకి తగిలించినా అది మాయం. అదే కార్డు పాత లాప్‌టాప్‌లో పెడితే నాలుగూ నిక్షేపంగా ఉంటాయి. ఇరవై ఐదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు. కార్డయ్యకి అన్నం సయించలేదు. భార్య ఫోను చేసి, ఇక్కడ బీరువాలో ఒక అర ఖాళీ చేశాను మీ బట్టలకి అంది. అతను ఊఁ అని పెట్టేశాడు. గదిలో గాలి రోజురోజుకీ తగ్గిపోతున్నట్టుంది. మూడు పంపులకి సంతకం పెట్టమని అడిగితేనో అని పైకెళ్లి, పెద్దింజనీరు తలుపు దాకా పోయి, తిరిగొచ్చేశాడు. ఊరికి మూడొంతుల నీళ్లు చాలంటావా అని అడిగితే ఏం చెప్పాలి?

ఇరవై ఎనిమిదో రోజు ఉదయం మీటరమ్మ ప్రశ్నల పట్టికలో పంపుల కేబుళ్లు తగిలే దారుల దగ్గర ఆగిపోయింది. ఇలాంటి దారులు మొత్తం ఎన్ని ఉండొచ్చు అని ఒక ప్రశ్న. పక్కన ముందే వేసి ఉన్న అంకె: నాలుగు. కార్డయ్య రోజూ దాన్ని చూసి దాటేస్తున్నాడు. పంపులు నాలుగు, పాయలు నాలుగు, అంకె నాలుగు, ఇంకేం కావాలి? మీటరమ్మ వేళ్లు మడుస్తూ లెక్కపెట్టి, లాప్‌టాప్‌ని ఎత్తి వెనక్కి తిప్పి చూసింది.

"అన్నయ్యా, దీని ఒంటికే ఒకటుంది కదా, ఇదిగో వెనకాల. దాన్ని ఎవరు లెక్కపెట్టారు?"

కార్డయ్య చూశాడు. నిజమే. లాప్‌టాప్‌కి పుట్టుకతోనే అలాంటి దారి ఒకటుంది, దుమ్ము పట్టి, ఎవరూ వాడక. కెర్నెల్ ముందు దాన్నే లెక్కేసుకుంటుంది. మిగిలినవి మూడు. నాలుగో పంపు వచ్చేసరికి తలుపు మూసేస్తోంది. పన్నెండిళ్ల మేడలో మీటర్లు లెక్కపెట్టేటప్పుడు ఇలాగే అవుతుంది, పన్నెండు రాసుకుని వచ్చేస్తాం, మెట్ల కింద అందరికీ కలిపి ఉండే మీటరుని మర్చిపోతాం, నేను మొదటి నెలలో రెండుసార్లు తిట్లు తిన్నాను అంది మీటరమ్మ. పదమూడేళ్ల కిందట ఆ అంకెని ఎనిమిది చేసింది తనేనని కార్డయ్యకి అప్పుడు మసకమసకగా గుర్తొచ్చింది. తన గుట్టు తననే ముంచిందని నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అంకె ఎనిమిదైంది. మూడు గంటలు ఆగారు. ఒంటిగంటకి రెండు సన్నటి కూతలు, తెర మీద నాలుగు పంపులు. మీటరమ్మ లేచి తలుపు తీసి బయట మెట్ల మీద కూర్చుంది, మోకాలు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ.

ముప్ఫయ్యో రోజు పెద్దింజనీరు మెట్లు దిగాడు. ఉదయం నుంచి ఖాళీ డిస్కుతో మొదలుపెట్టి అంతా మీటరమ్మే చేసింది. కార్డయ్యని గోడ పక్కన నిలబెట్టి నోరెత్తొద్దన్నారు. ఒక్కచోట ఆమె వేలు తప్పు జవాబు మీద ఆగితే గోళ్లు అరచేతిలో దిగబడ్డాయి. ఆమె తనంతట తానే సర్దుకుంది. ఒంటిగంటకి కార్డు పెట్టింది, నాలుగు పంపులూ వచ్చాయి. పెద్దింజనీరు రెండు నిమిషాలు తెర చూసి, జవాబుల ప్రతి ఎక్కడుంది అన్నాడు. ఆమె కెర్నెల్ లోపలి నుంచి తీసి చూపించింది, అచ్చు వేసిన కాగితాలు కూడా ఇచ్చింది. అతను కార్డయ్యని పైకి రమ్మన్నాడు.

పై గదిలో కిటికీలున్నాయి. పెద్దింజనీరు బదిలీ కాగితం మీద సంతకం పెట్టి అవతలికి తోశాడు. కార్డయ్య తీసుకోలేదు. ఇంత సాయం చేసిన మనిషి దగ్గర అబద్ధంతో వెళ్లిపోవడం అతనికి మనసొప్పలేదు. సార్, మీకొక మాట చెప్పాలి అని మొదలుపెట్టి, ఆ రోజు ప్రశ్నకి వద్దన్న సంగతీ, ఫైలు చెరిపిన సంగతీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. సంతకం కొట్టేస్తాడేమోనని కాగితం వైపే చూశాడు. పెద్దింజనీరు ఆశ్చర్యపోలేదు. సొరుగులోంచి కార్డయ్య పేరున్న ఫైలు తీసి, ఒక పేజీ తెరిచి ముందు పెట్టాడు.

భుజం తట్టిన ఆ పాత ఇంజనీరు చేతిరాత. పదమూడేళ్ల కిందటి తేదీ. 'ఇతను వివరాలు కావాలనే తన దగ్గర ఉంచుకున్నాడు. అడగనక్కర్లేదు. ఇక ఎక్కడికీ వెళ్లడు, వెళ్లలేడు. ప్రమోషను అక్కర్లేదు. కొత్త యంత్రం కొనుగోలు వాయిదా వెయ్యవచ్చు.'

కార్డయ్య రెండుసార్లు చదివాడు. ఇన్నాళ్లూ ఆఫీసుని తను పట్టి ఉంచానని అనుకున్నాడు. వాళ్లకి మొదటి రోజునే తెలుసు. తెలిసి, హాయిగా వాడుకున్నారు. అందుకు కోపం వచ్చింది, కాని ఎవరి మీద చూపించాలో తెలీలేదు.

"దాని కింది కాగితం కూడా చూడు," అన్నాడు పెద్దింజనీరు. "అది చదివాకే నీకు నెల గడువిచ్చాను."

అది గీతల నోటుబుక్కులోంచి చింపిన కాగితం. పైన 'ఫైలులో ఉంచండి' అని ఎవరో గీకిన ముక్క. తేదీ రెండున్నరేళ్ల కిందటిది. గుండ్రటి అక్షరాలు, పాపవి.

'ఇంజనీరు గారికి. మా నాన్న లేకపోతే మీ మిషను నడవదని అమ్మ చెప్పింది. నాన్న ఈసారి వచ్చినప్పుడు అది ఎలా నడపాలో అడిగి నేను నేర్చుకుంటాను. సెలవుల్లో వచ్చి మీ వాళ్లకి నేర్పిస్తాను. అప్పుడు మా నాన్నని పంపించండి.'

నిజంగానే అడిగింది. కార్డయ్యకి ఆ రోజు గుర్తుంది. మిషను గురించి చెప్పు నాన్నా అని నోటుబుక్కూ పెన్నూ పట్టుకుని పక్కన కూర్చుంది. చిన్నపిల్లవి, నీకు అర్థం కాదులే అని తల నిమిరి లేచిపోయాడు. చెప్తే ఎక్కడ అసలు సంగతి దాకా వెళ్లాల్సొస్తుందోనని లేచిపోయాడు.

ఆ కాగితం ఇస్తారా అని అడిగాడు. పెద్దింజనీరు ఫైలులోంచి తీసి ఇచ్చేశాడు.

కార్డయ్య ఆవరణలోకి వచ్చి, నీళ్ల ట్యాంకు నీడలో నిలబడి భార్యకి ఫోను చేశాడు. సంతకం అయిందన్నాడు. ఇన్నాళ్లకి ఆ రాళ్లు కరిగాయన్నమాట అంది ఆమె. వాళ్లు కాదు అన్నాడు కార్డయ్య. నిలబడ్డచోటే అంతా చెప్పాడు. ఆ ప్రశ్న, తన జవాబు, చెరిపిన ఫైలు, ఈ నాలుగేళ్లూ తెలిసీ ఊరుకోవడం, ఏదీ మిగల్చలేదు. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాడు.

"ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది," అంది ఆమె చివరికి. "నాలుగు క్లాసులండీ. అందరి నాన్నలూ బడికి వస్తుంటే దీనికి నేనేం చెప్పానో తెలుసా? మీ నాన్నని వాళ్లు వదలట్లేదమ్మా అని చెప్పాను. ఒక్కసారి కాదు. ఇప్పుడీ మాట నేను చెప్పను. మీరే చెప్పండి."

వద్దని అనబోయాడు. ఫోను చేతులు మారుతున్న చప్పుడు వినపడింది.

"నాన్నా," అంది పాప, నవ్వుతున్న గొంతుతో. "వదిలేశారట కదా? అమ్మేంటి ఏడుస్తోంది? చెప్పు నాన్నా."